జాకొబైట్ల చరిత్ర రాస్తున్న తమ్మునికి

చిరంజీవి తమ్మునికి ఆశీస్సులు.

వనపర్తి నుండి నీవు పంపిన రాతప్రతి అందింది; రెండుసార్లు చదివాను. రాజావారి భవనంలో నడిచే పాలిటెక్నిక్‌లో చదువుకున్నవాడివి గనుక, అధికారం పోయిన వంశం మీద జనానికి మిగిలే మమకారం ఎటువంటిదో నీకు తెలుసు. ఇంగ్లండు, స్కాట్లండులను ఏలిన స్టువర్టు రాజవంశాన్ని తిరిగి గద్దెనెక్కించాలని జాకొబైట్లు చేసిన పోరాటాన్ని నీవు ఎన్నుకోవడం నాకు సంతోషం కలిగించింది. అందుకే దాపరికం లేకుండా రాస్తున్నాను.

1688లో ఆ వంశపు రాజు రెండవ జేమ్సు ఫ్రాన్సుకు పారిపోవడం, అతని కూతురు మేరీ, అల్లుడు విలియం సింహాసనం ఎక్కడం రెండు పేజీలలో చెప్పవచ్చు. నన్ను ఆపిన చోటు వేరే ఉంది. 1745 ఆగస్టు 19న స్కాట్లండులోని గ్లెన్‌ఫినన్‌లో జేమ్సు మనుమడు, యువరాజు చార్లెస్ ఎడ్వర్డ్ జెండా ఎత్తగానే జనం ‘ప్రభుభక్తితో ఉప్పొంగి’ చేరారని రాశావు. తమ్ముడూ, వాళ్ళు ఎందుకు వచ్చారు? విలియం కాలంలో బిషప్పుల వ్యవస్థను రద్దు చేయడంతో తన చర్చికి స్థానం పోయిన స్కాట్లండు భక్తుడి కారణం ఒకటి, 1707లో ఇంగ్లండుతో జరిగిన విలీనాన్ని సహించలేని వాడి కారణం మరొకటి. అంతకు ముందు తరంలో జేమ్సు పక్షాన పోరాడిన ఐర్లండు క్యాథలిక్కుకు పోయిన భూముల మీద ఆశ ఉండేది. స్కాట్లండు ఉత్తరాన ఉన్న కొండసీమ హైలాండ్స్ కౌలుదారులలో కొందరు, రాకపోతే ఇల్లు తగులబెడతామన్న తమ వంశనాయకుని మనుషుల బెదిరింపుకు లొంగి వచ్చారు. గడి నుండి కబురు వస్తే వెట్టికి కదిలిన మన తాతలు నీకు ఇక్కడ గుర్తుకు రావచ్చు గాని, ఆ నాయకుణ్ణి ‘దొర’ అని మాత్రం రాయవద్దు. తామూ అతనూ ఒకే మూలపురుషుడి సంతానమని అక్కడి జనం నమ్మారు. ఆ నమ్మకమూ ఈ భయమూ ఒకే మనిషిలో కలిసి ఉండడం నీ పేజీలలో కనబడాలి.

మాటల విషయంలో కూడా జాగ్రత్త అవసరం. జేమ్సు కొడుకును శత్రువులు ‘ప్రెటెండర్’ అన్నారు. ఆ మాటకు హక్కు కోరేవాడనే అర్థం ఉన్నా, వేషధారి అన్న ధ్వని వినబడుతుంది. నీవు ఏకంగా ‘దొంగరాజు’ అని అనువదించావు. 1948 సెప్టెంబరు 17ను విమోచన అన్నా, విలీనం అన్నా, పోలీసు చర్య అన్నా పలికినవాడు ఏ పక్షమో తెలిసిపోయే నేల మీద పుట్టినవాళ్ళం మనం.

డెర్బీ ఘట్టాన్ని మాత్రం విస్తరించు. 1745 డిసెంబరులో ఇంగ్లండు మధ్యభాగంలోని ఆ ఊరి దాకా వచ్చిన జాకొబైట్ సైన్యం, లండన్ ఇంకా రెండు వందల కిలోమీటర్లు ఉండగా వెనుదిరిగింది. ముందుకే పోదామని యువరాజు పట్టుబట్టినా, జార్జ్ మర్రే మొదలైన సేనానులు ఒప్పుకోలేదు. ఫ్రెంచి సైన్యం దిగలేదు. గ్లాసును నీళ్ళ పాత్ర మీదుగా తిప్పి ‘నీటికి ఆవలి రాజు’ పేర, అంటే సముద్రం అవతల ప్రవాసంలో ఉన్న స్టువర్టు రాజు పేర, మద్యం తాగిన ఇంగ్లీషు పెద్దమనుషులు ఇల్లు కదలలేదు.

1746 ఏప్రిల్ 16న స్కాట్లండులో జరిగిన కలోడెన్ యుద్ధం జాకొబైట్ల ఓటమితో గంటలోపే ముగిసింది. దానికి ఇరవై పేజీలు ఇచ్చి, తరువాతి కాలానికి ఒక్క పేరా ఇచ్చావు. గాయపడినవారిని సైతం చంపడం, హైలాండ్స్ మగవారి దుస్తులను 1782 దాకా నిషేధించడం, వంశనాయకుల న్యాయాధికారాన్ని రద్దు చేయడం అంతా అందులోనే ఇరికించావు. ముప్పై వేల పౌండ్ల బహుమతి ప్రకటించినా, నెలల తరబడి దాక్కున్న యువరాజును ఆ పేదలు పట్టివ్వలేదన్న సంగతి నీ ప్రతిలో అసలే లేదు. నాకు అది చదివినప్పుడల్లా గొంతు పూడుకుపోతుంది.

ముందుగా గ్లెన్‌ఫినన్ అధ్యాయం తిరగరాసి పంపు. దసరాకు నల్లగొండ వచ్చేటట్లయితే ప్రతి వెంట తీసుకురా, దగ్గర కూర్చుని చూద్దాం.

మీ అన్న