చెవి వల్ల కళ్లు తిరిగితే మాత్రలు ఎన్నాళ్లు వాడాలి?

ప్రశ్న: మాది పరకాల దగ్గర పల్లె. మా అమ్మకు 63 ఏళ్లు. మంచం మీద పక్కకు ఒత్తిగిల్లినా, చేనులో పత్తి ఏరుతూ వంగి లేచినా అంతా గిర్రున తిరుగుతున్నట్టు అవుతుందని, అర నిమిషం కదలకుండా కూర్చుంటే తగ్గుతుందని చెబుతోంది. వినికిడి బాగానే ఉంది, చెవిలో హోరు లేదు. ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చిన సిన్నరిజిన్ మాత్రలు ఆరు నెలలుగా వేసుకుంటున్నా తిరుగుడు పోలేదు. ఈమధ్య చేతులు వణుకుతున్నాయి, నడక నెమ్మదించింది. బీటాహిస్టిన్‌కు మారిస్తే నయమవుతుందా?
– ఒక పాఠకురాలు, హన్మకొండ జిల్లా

జవాబు: మీరు చివర్లో రాసిన వణుకు గురించే ముందుగా చెప్పాలి. సిన్నరిజిన్‌ను, స్టెమెటిల్ పేరుతో దొరికే ప్రోక్లోర్‌పెరజిన్‌ను పెద్ద వయసువారు నెలల తరబడి వాడితే మెదడులో కదలికలను సరిచూసే డోపమైన్ అనే రసాయనం పనికి అడ్డుపడి, పార్కిన్సన్స్ జబ్బును పోలిన వణుకు, బిగుసుకుపోవడం, నడకలో మందగింపు రావచ్చు. మందు ఆపితే చాలామందిలో ఇవి వారాల నుంచి నెలల్లో తగ్గుతాయి. కాబట్టి ఈ వారంలోనే, వాడుతున్న మాత్రలన్నీ వెంట తీసుకెళ్లి, అమ్మగారిని ఫిజీషియన్‌కు చూపించండి. బీపీ మాత్రలు ఉంటే అవి కూడా చూపించాలి, ఎందుకంటే లేచి నిలబడినప్పుడు బీపీ పడిపోయినా కళ్లు తిరుగుతాయి.

ఇక అసలు జబ్బు. తల కదిలినప్పుడే వచ్చి నిమిషంలోపే తగ్గిపోయే తిరుగుడు, వినికిడి లోపం లేకపోవడం చూస్తే ఇది బీపీపీవీ అనే లోపలి చెవి జబ్బు కావచ్చు. లోపలి చెవిలో తమ చోట ఉండాల్సిన సన్నని కాల్షియం కణాలు జారి అర్ధచంద్రాకార నాళాల్లోకి చేరడమే దీనికి కారణం. ఆ కణాలను కరిగించే మాత్ర గానీ, వెనక్కి పంపే మాత్ర గానీ లేదు. బీటాహిస్టిన్ కూడా ఆ పని చేయదు. చెవి, ముక్కు, గొంతు డాక్టరు అమ్మగారి తలను 45 డిగ్రీలు పక్కకు తిప్పి, చప్పున వెల్లకిలా పడుకోబెట్టి, కనుగుడ్ల కదలికను బట్టి ఏ చెవిలో లోపమో గుర్తిస్తారు. ఆపై 1980లో వెలుగులోకి వచ్చిన ఎప్లీ పద్ధతిలో తలను, తర్వాత ఒంటిని అంచెలంచెలుగా రెండో వైపుకు తిప్పుతూ, ఒక్కో భంగిమలో అర నిమిషానికి పైగా ఉంచి లేపి కూర్చోబెడతారు. పది నిమిషాలు కూడా పట్టని ఈ చికిత్సతో చాలామందికి ఒకటి రెండుసార్లలోనే ఉపశమనం దొరుకుతుంది. మెడనొప్పి ఉంటే ముందే చెప్పండి. మళ్లీ వస్తే మళ్లీ చేయించుకోవచ్చు.

మందులకు చోటు లేదని కాదు. సంతులన నాడి వాచి రోజంతా తిరుగుడు, వాంతులతో మంచం పట్టినవారికి ప్రోక్లోర్‌పెరజిన్ వంటివి రెండు మూడు రోజులు ఎంతో మేలు చేస్తాయి. అంతకు మించి వాడితే మెదడు తనను తాను సర్దుకోవడం ఆలస్యమవుతుంది. వినికిడి తగ్గి, చెవిలో హోరుతో గంటల తరబడి తిరుగుడు వచ్చే మెనియర్ జబ్బుకు మన దగ్గర బీటాహిస్టిన్ విరివిగా రాస్తారు. అయితే 2016లో వెలువడిన జర్మనీ పరీక్షలో 221 మందికి తొమ్మిది నెలలు ఇచ్చి చూస్తే, మందు వాడినవారిలోనూ ఉత్తుత్తి మాత్ర వాడినవారిలోనూ తిరుగుడు ఒకేలా తగ్గింది. కడుపులో పుండు, ఉబ్బసం ఉన్నవారు దాన్ని డాక్టరు సలహా లేకుండా వాడరాదు.

తిరుగుడుతో పాటు మాట ముద్దగా రావడం, ఒకటి రెండుగా కనిపించడం, ఒక వైపు కాలుచేతులు పట్టు తప్పడం, నిలబడలేకపోవడం ఉంటే అది పక్షవాతం కావచ్చు. వెంటనే 108కు ఫోన్ చేసి వరంగల్ ఎంజీఎం వంటి పెద్దాసుపత్రికి చేర్చాలి. చికిత్స జరిగేదాకా అమ్మగారిని నిచ్చెన ఎక్కనివ్వకండి, బావి గట్టు దగ్గరికి ఒంటరిగా పంపకండి.