సీలింగు నేలకేనా, డబ్బుకు లేదా?

ప్రశ్న: మా టీకొట్టు దగ్గర రోజూ ఇదే గొడవ. పొలానికి ఉన్నట్టు కోటీశ్వరుల డబ్బుకూ సీలింగు ఉండాలని ఒకరు, కష్టార్జితానికి హద్దేమిటని ఇంకొకరు. మన దగ్గర సంపదకు హద్దు ఎప్పుడైనా ఉందా? బంగారం అరకిలో దాటితే పట్టుకుపోతారట, నిజమేనా?
– ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: గట్టి హద్దు పడింది పొలానికే. 1973 నాటి మన రాష్ట్ర భూసంస్కరణల చట్టం ప్రకారం ఐదుగురి కుటుంబానికి మాగాణి అయితే తరగతిని బట్టి 10 నుంచి 27 ఎకరాలు, మెట్ట అయితే 35 నుంచి 54. రెండూ ఉంటే పాళ్ల లెక్క. 10 ఎకరాల తరగతి మాగాణి 6 ఎకరాలుంటే హద్దులో ఆరు పాళ్లు నిండినట్టు. మిగిలిన నాలుగు పాళ్లకు 35 ఎకరాల తరగతి మెట్ట 14 ఎకరాలే ఉంచుకోవాలి. 1971 జనవరి 24 తర్వాత చేసిన అమ్మకాలు, పంపకాలు సీలింగు తప్పించుకోవడానికి కాదని నిరూపించుకోవాల్సిన బరువు కూడా ఆసామిదే. అయినా 1977 సవరణతో మేజరు కొడుకులకు వేరే వాటా దక్కింది. నలుగురు కొడుకులున్న ఇంటికి సీలింగు పెద్దగా తగల్లేదు.

డబ్బుకు సీలింగు లేదు, పన్నే. 1970ల మొదట్లో పై శ్లాబులో ఆదాయపు పన్ను సర్‌చార్జీతో కలిపి 97.75 శాతం. నూటికి రెండు రూపాయల పావలా మిగిలితే లెక్క చూపేదెవరు? నల్లడబ్బు పెరగడానికి అదీ ఒక కారణమే. ఇప్పుడు కొత్త పన్ను విధానంలో ఎంత పెద్ద ఆదాయానికైనా పై శ్లాబు, సర్‌చార్జీ, సెస్సుతో సహా, 39 శాతం దాటదు. చనిపోయినవారి ఆస్తిపై పన్ను 1985లో పోయింది. సంపద పన్ను 2015 బడ్జెట్‌తో పోయింది. చివరి రోజుల్లో అది 30 లక్షలు దాటినదానిపై 1 శాతం. 50 లక్షల నగలున్నావిడ ఏడాదికి 20 వేలు కట్టాలి, 50 కోట్ల షేర్లున్నాయన మాత్రం ఒక్క పైసా కట్టనక్కర్లేదు, ఎందుకంటే షేర్లు, బ్యాంకు డిపాజిట్లు ఆ లెక్కలోకే రావు. 2013-14లో దేశమంతా కలిపి వచ్చింది 1,008 కోట్లే. మీ టీకొట్టులో వాదించాల్సింది ఈ తేడా గురించి.

బంగారం మాటకొస్తే, అరకిలో అనేది హద్దు కాదు. ఐటీ సోదాలో, ఆదాయానికి పొంతన లేకపోయినా, పెళ్లయిన స్త్రీకి 500, పెళ్లికాని ఆడపిల్లకు 250, మగవారికి 100 గ్రాముల వరకు నగలు జప్తు చేయొద్దని 1994లో అధికారులకిచ్చిన సూచన అది. భార్యాభర్తలు, పెళ్లికాని కూతురు ఉన్న ఇంట్లో 850 గ్రాములు, అంటే 106 సవర్ల పైచిలుకు. అంతకుమించి ఉన్నా బిల్లులు, వీలునామా, రిటర్నులు చూపగలిగితే పేచీ లేదు. ఈ సూచన నగలకే, బిస్కెట్లకు వర్తించదు. పాత నగలు మార్చి కొత్తవి చేయించినప్పుడు మాత్రం పాతవాటి తూకం రాయించిన బిల్లు తప్పకుండా తీసుకోండి.