సాఫ్ట్‌వేర్ పాతబడుతుందని డిజైన్ చదువు మానుకోవాలా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ. ఇన్ఫర్మేషన్ డిజైన్ (సమాచారాన్ని సులువుగా అర్థమయ్యే పటాలు, చార్టులుగా మలిచే విద్య) చదువుతానంటోంది. పుస్తకాలు పక్కన పెట్టి సిటీ బస్సు రూట్ల బొమ్మలు గీస్తూ కూర్చుంటోంది. ఆ పనులన్నీ ఇక ఏఐ చేసేస్తుందని, సీఎస్ఈలో ఏఐ బ్రాంచి తీసుకోమని బంధువులు చెబుతున్నారు. రెండింటినీ పోల్చి చెప్పగలరు.
- ఒక తండ్రి, గాజువాక

జవాబు: ఒకప్పుడు యానిమేషన్ గురించి, ఆ తరువాత వెబ్ డిజైన్ గురించి తల్లిదండ్రులు ఇదే అడిగేవారు. పైకి కోర్సు గురించి అడుగుతారు గానీ లోపలి భయం వేరు. లక్షలు పోసి చదివించాక, నేర్చుకున్నది నాలుగేళ్లకే పనికిరాకుండా పోతే ఎలా? ముందు దానికే జవాబు చెబుతాను.

సాఫ్ట్‌వేర్ తప్పకుండా పాతబడుతుంది. పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్, అను ఫాంట్లు తప్ప మరేమీ నేర్వని డీటీపీ ఆపరేటర్లు, ఏ కంప్యూటర్లోనైనా తెలుగు ఒకేలా కనిపించే యూనికోడ్ పద్ధతి వచ్చాక ఎంత అవస్థ పడ్డారో మన ఊరి ప్రెస్సుల వారిని అడగండి. వెబ్ పేజీల్లో బొమ్మలు కదిలించే ఫ్లాష్‌నే నమ్ముకున్నవారికి 2020 చివర అడోబీ సంస్థ ఫ్లాష్ ప్లేయర్‌నే ఆపేసింది. కానీ పేజీలో ఏది ముందు కంటపడాలో తెలిసినవారు ఇన్‌డిజైన్ అనే కొత్త సాఫ్ట్‌వేర్‌కు మారి పని చేసుకుంటూనే ఉన్నారు.

విశాఖవాసులు కాబట్టి మీకు తెలిసిన ఉదాహరణే చెబుతాను. తుపాను సమయంలో పోర్టులో అయిదో నంబరు, ఆరో నంబరు ప్రమాద హెచ్చరిక అని వింటుంటాం. అయిదు కన్నా ఆరు ఎక్కువ ప్రమాదమని చాలామంది అనుకుంటారు. కాదు. తుపాను రేవుకు ఏ పక్కగా తీరం దాటుతుందన్నదే ఆ రెంటికీ తేడా. పదకొండంటే అన్నిటికన్నా పెద్ద తుపాను కూడా కాదు, హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని అర్థం. నావికులకు ఈ పద్ధతి సరిపోతుంది. ఇల్లు వదలాలా వద్దా అని తేల్చుకోవలసిన పెదజాలరిపేట కుటుంబానికి చాలదు. వారికి ఏది చెప్పాలి, ఏది వదిలేయాలి అన్నది తేల్చడమే మీ అమ్మాయి చదవాలనుకుంటున్న విద్య. ఏఐ క్షణాల్లో చార్టు గీసిస్తుంది. అది వారికి అర్థమైందో లేదో అక్కడికి వెళ్లి చూడవలసింది డిజైనరే. అయితే చెప్పింది చెప్పినట్టు చార్టులు, పోస్టర్లు గీసిపెట్టే చిన్న ఉద్యోగాలకు గండం ఉంది, దాచను.

నాకు అసలు అనుమానం వేరే దారి మీద. 'ఆరు నెలల్లో యూఎక్స్ డిజైనర్' (యాప్‌లు, వెబ్‌సైట్లు వాడకానికి సులువుగా ఉండేలా రూపొందించేవారు) అనే ప్రకటనలు చూసే ఉంటారు. యాప్ తెరలు గీసే ఫిగ్మా అనే సాఫ్ట్‌వేర్‌లో మీటలు నొక్కడం నేర్పి, నాలుగు యాప్ తెరలు గీయించి పంపేస్తారు. అలా వచ్చిన పోర్ట్‌ఫోలియోలు, అంటే చేసిన పనుల సంకలనాలు, చూస్తే అందరిదీ అదే భోజనం తెప్పించుకునే యాప్, అవే రంగులు. సాఫ్ట్‌వేర్ మారినప్పుడు మునిగేది వీరే. సిలబస్ నిండా సాఫ్ట్‌వేర్ పేర్లే ఉన్న కోర్సుకు రూపాయి కూడా కట్టకండి. సీఎస్ఈ పక్కన బ్రాకెట్లో ఏఐ అని చేర్చినంత మాత్రాన చదువు మారిపోతుందనీ నేను నమ్మను. గణాంకశాస్త్రం మీద ఇష్టం లేని పిల్లకు ఆ బ్రాకెట్టు ఏమీ చేయదు.

పోలిక అడిగారు కదా. బీటెక్ సీట్లు ఊళ్లోనే దొరుకుతాయి, క్యాంపస్ నియామకాల దారి తెలిసినదే. డిజైన్‌లో మంచి సీట్లు తక్కువ, మొదటి జీతం నిరాశపరచవచ్చు. అయితే బీటెక్ చేసినా సీడ్ అనే ప్రవేశ పరీక్ష రాసి ఎండెస్‌కు, అంటే డిజైన్‌లో పీజీకి, వెళ్లవచ్చు. నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ (ఎన్ఐడీ) బెంగళూరులో ఇన్ఫర్మేషన్ డిజైన్ ఆ స్థాయిలోనే ఉంది, దాని ప్రవేశ పరీక్ష మాత్రం వేరు. కాబట్టి ఇప్పుడు ఏది ఎంచుకున్నా రెండో తలుపు మూసుకుపోదు. కాస్త నిమ్మళించండి.

ఒక మాట కటువుగానే అంటాను. బొమ్మలు 'గీస్తూ కూర్చుంటోంది' అని రాశారు. ఒక్కసారైనా పక్కన కూర్చుని చూశారా? లండన్ భూగర్భ రైళ్ల సిగ్నల్ విభాగంలో పనిచేసిన హ్యారీ బెక్ అనే డ్రాఫ్ట్స్‌మన్‌ను కూడా పటం గీయమని ఎవరూ అడగలేదు. అసలు దూరాలను పక్కన పెట్టి, తీరిక వేళల్లో తిన్నటి గీతలతో గీసుకున్నాడు. 1933లో అది అచ్చయింది, ప్రపంచమంతటా మెట్రో పటాలు ఆ దారిలోనే నడిచాయి. మీ బంధువులు అప్పుడు అక్కడ ఉంటే ఆయనకూ ఏదో ఒక బ్రాంచి చెప్పి ఉండేవారు!

నంబరు పక్కన అక్షరం మారితే దారే మారిపోయే బస్సులు మనవి. అమ్మాయి గీసిన పటాన్ని ఆర్టీసీ కాంప్లెక్స్‌లో ఊరికి కొత్తవారికి చూపించి, సింహాచలం ఎలా వెళ్లాలో చెప్పమని అడగమనండి. మీరూ తోడు వెళ్లండి. వారు ఎక్కడ తడబడ్డారో రాసుకుని, సరిదిద్ది, మళ్లీ చూపించాలి. తప్పుల చిత్తు కాగితాలతో సహా అన్నీ దాచమనండి, పోర్ట్‌ఫోలియోలో అవే ముఖ్యం. డిజైన్ ప్రవేశ పరీక్షలకు ఫీజు కట్టండి, ఈఏపీసెట్ కూడా రాయనివ్వండి. ఏయే సీట్లు వచ్చాయో తెలిశాక మళ్లీ రాయండి, అప్పుడు కాలేజీల పేర్లతో మాట్లాడుకుందాం. ఈసారి ఉత్తరం అమ్మాయి చేత రాయించండి.