కడ్డీ పైకి నున్నగా ఉన్నా లోపల పొడి పోగులు ఎందుకు మిగులుతున్నాయి?

గాజు, పాలీప్రొపిలీన్ (వేడికి కరిగే ప్లాస్టిక్) పోగులు కలగలిసిన దారంతో పల్‌ట్రూజన్ (దారాల కట్టను వేడిచేసి, డై అనే అచ్చు గుండా లాగి కడ్డీగా మలచడం) చేస్తుంటే కడ్డీ పైకి నిగనిగలాడుతున్నా, కోసి చూస్తే నడుమ ప్లాస్టిక్ ఇంకని తెల్లని పొడి పోగులు కనబడుతున్నాయనీ, డై ఉష్ణోగ్రత పెంచినా ఫలితం లేదనీ రాశారు. ఇదే పని కొంతకాలం చేసినవాడిగా నా అనుమానం డై మీద కాదు, దానికి ముందున్న ఓవెన్ మీద.

మామూలు పల్‌ట్రూజన్‌లో వాడే పాలీఎస్టర్ రెజిన్ ద్రవరూపంలో ఉంటుంది కనుక పోగుల్లోకి సులువుగా ఇంకుతుంది. కరిగిన పాలీప్రొపిలీన్ అంతకు వందల రెట్లు చిక్కన. అందుకే దాన్ని పోగులుగా తీసి గాజు పక్కనే ఉంచుతారు. ప్రవహించవలసిన దూరం తగ్గుతుంది. అయితే ఆ కాస్త దూరమైనా ప్రవహించాలంటే, కట్ట నడిభాగం డైలోకి చేరేసరికే 165 డిగ్రీల సెల్సియస్ దాటి ఉండాలి. వదులుగా ఉన్న కట్టలో గాలి నిండి ఉంటుంది కాబట్టి వేడి లోపలికి చాలా నిదానంగా చేరుతుంది. మందం రెట్టింపైతే పట్టే సమయం దాదాపు నాలుగు రెట్లవుతుంది. ఓవెన్ కంట్రోలర్ చూపే అంకెను నమ్మకండి, అది లోపలి గాలి ఉష్ణోగ్రత మాత్రమే. ఉష్ణోగ్రత కొలిచే సన్నని థర్మోకపుల్ తీగను కట్ట మధ్యలో ఉంచి దారంతోపాటే లోపలికి పోనివ్వండి. మాకు అన్నిటికన్నా ఎక్కువ ఫలితమిచ్చింది, దారాలను విడివిడిగా పరిచి ఓవెన్ గుండా పంపి, డై ముందు మాత్రమే ఒక్కటిగా కలపడం.

తరువాత డై ముఖాన్ని గమనించండి. ఇరుకవుతూ పోయే భాగంలో ఒత్తిడి పుడుతుంటే మిగులు ప్లాస్టిక్ కొద్దిగా వెనక్కి ఉబికివస్తుంది. అక్కడ పొడిగా ఉంటే డై నిండడం లేదన్నమాట. ఒకటి రెండు దారాలు చేర్చండి. మరీ ఎక్కువైతే లాగే బలం పెరిగి, తెగిన పోగులు నూగులా పేరుకుని దారిని మూసేస్తాయి. చల్లబరిచే డైలో కడ్డీ నడిభాగం కూడా 100 డిగ్రీల లోపుకు దిగాలి, లేకపోతే బయటికి రాగానే ఉబ్బి ఖాళీలు ఏర్పడతాయి.

వేగాన్ని మాత్రం చివరగా తగ్గించండి, ఎందుకంటే ఓవెన్ గాలిలో ఎక్కువసేపు ఉన్న పాలీప్రొపిలీన్ పసుపెక్కి పెళుసవుతుంది. ప్రతి మార్పు తరువాత ఒక ముక్క కొసను ఎర్రసిరాలో నిలబెట్టి, కొంతసేపయ్యాక పైభాగంలో అడ్డంగా కోసి చూడండి. పొడి పోగులున్న చోటల్లా సిరా ఎగబాకి ఎర్రచుక్కలుగా కనబడుతుంది.