నొప్పి లేదు, తెల్లారితే మాత్రం వాపు

ప్రశ్న: మోకాలి ఏసీఎల్ (కీలు లోపలి లిగమెంట్) ఆపరేషన్ అయి నాలుగు నెలలైంది. మెనిస్కస్ (కీలులో దిండులా ఉండే మృదులాస్థి) బాగానే ఉందన్నారు. కాలు పూర్తిగా చాపగలను, మెట్లెక్కగలను. జిమ్‌కు వెళ్లొచ్చని ఫిజియో అన్నారు. ఇదివరకు 80 కిలోలతో స్క్వాట్ (భుజాల మీద బార్, అంటే బరువుల కడ్డీ పెట్టుకుని గుంజీలు) చేసేవాణ్ని. ఇప్పుడు 40 కిలోలతో చేస్తున్నా నొప్పి లేదు కానీ, మర్నాడు పొద్దున మోకాలు ఉబ్బుతోంది. మానేయమంటారా?

జవాబు: జిమ్ మానక్కర్లేదు. బార్‌తో స్క్వాట్‌ను మాత్రం కొన్నాళ్లు పక్కన పెట్టండి. లేచేటప్పుడు అద్దంలో మీ నడుము చూసుకోండి, చాలామందికి అది మంచి కాలి వైపు జరుగుతుంది. 40 కిలోలూ లేస్తాయి గానీ, ఆపరేషన్ అయిన కాలి తొడ ముందు కండరానికి పనే తగలదు.

వాపును తేలిగ్గా తీసుకోకండి. కీలులో నీరు చేరితే ఆ కండరానికి అందే నరాల సంకేతం తగ్గిపోతుంది, ఎంత బిగించినా పూర్తిగా బిగియదు. అలాంటి కాలికి బరువు పెంచి లాభం లేదు. రోజూ లేవగానే కాలు చాపి, మోకాలి చిప్ప లోపలి పక్క గుంటను అరచేత్తో పైకి రెండుమూడుసార్లు నిమరండి. తర్వాత బయటి పక్క పై నుంచి కిందికి నిమరండి. గుంటలోకి నీరు అలలా తిరిగొస్తే వాపు ఉన్నట్టే. ఆ రోజు బరువులు వద్దు. తగ్గాక సగం సెట్లతో (సెట్ అంటే ఆపకుండా చేసే ఒక విడత) మొదలుపెట్టండి. చేసేటప్పుడు పదికి మూడు దాకా నొప్పి ఫర్వాలేదు, 24 గంటల్లో మామూలైపోవాలి.

వారానికి మూడు రోజులు, మధ్యలో ఒక్కో రోజు విరామం చాలు. ఒంటికాలి లెగ్ ప్రెస్ (కూర్చుని పాదంతో బరువును తోసే మెషీన్) ముందు బలహీనమైన కాలితో చేయండి: 8 నుంచి 10 చొప్పున మూడు సెట్లు, కిందికి దించడానికి మూడు సెకన్లు. ఇంకో రెండు చేయగల ఓపిక ఉండగానే ఆపాలి. మంచి కాలికీ అదే బరువు, అన్నే సార్లు. దానికి ఎక్కువిస్తే తేడా ఎప్పటికీ పూడదు. తర్వాత 15 సెంటీమీటర్ల మెట్టు మీంచి నెమ్మదిగా దిగడం. మోకాలు లోపలికి వాలుతుంటే ఎత్తు 10కి తగ్గించండి.

లెగ్ ఎక్స్‌టెన్షన్ (కూర్చుని, కాలితో బరువు ఎత్తుతూ మోకాలు చాపే మెషీన్) అంటే చాలామందికి భయం. నిజానికి తుంటి సాయం లేకుండా తొడ ముందు కండరం ఒక్కటే పనిచేసేది అక్కడే, అందుకే వదలొద్దంటాం. మోకాలు 90 డిగ్రీల వంపు నుంచి 45 దాకా చాపితే గ్రాఫ్ట్ (ఆపరేషన్‌లో లిగమెంట్ స్థానంలో అమర్చిన కణజాలం) మీద లాగుడు తక్కువ. ఆ పైన చాపడం మీ ఫిజియో చెప్పాకే.

వరుసగా రెండుసార్లు జిమ్‌లో ప్రతి సెట్‌లో పదేసి చేసినా వాపు రాకపోతే బరువు ఐదు శాతం పెంచండి. అదే వారం సెట్లు పెంచకండి, లేకపోతే వాపు దేనివల్ల వచ్చిందో తేలదు. రెండు కాళ్ల బలంలో తేడా బాగా తగ్గాక, బల్ల మీద కూర్చుని లేచే స్క్వాట్‌తో ఖాళీ బార్ నుంచి మొదలుపెట్టొచ్చు.

కాలు పట్టు తప్పినా, మధ్యలో ఇరుక్కుపోయినా, పిక్క వాచి నొప్పెట్టినా, జ్వరం వచ్చినా ఇవేవీ చేయకుండా వెంటనే మీ సర్జన్‌కు చూపించండి.