తొంభై తొమ్మిది రూపాయల క్వార్టరు, ఐదు రూపాయల పర్మిట్

పోయిన సంచికలో పెగ్గు కొలతల గురించి నాలుగు ముక్కలు రాస్తే ఈసారి ఉత్తరాల మూటే వచ్చింది. కొంతమంది అభిమానంతో, ఇద్దరు ముగ్గురు తిట్టడానికి రాశారు. తిట్టినవాళ్లకు ఒకటే చెబుతున్నా, బార్ కౌంటర్ వెనక ఇరవై రెండేళ్లు నిలబడినవాణ్ని, మందు మంచిదని చెప్పడానికి ఇక్కడ కూర్చోలేదు. తాగే అలవాటు ఉన్నవాళ్లు ఏం తాగుతున్నారో తెలుసుకుని తాగాలన్నది నా గోల. ఇక ప్రశ్నల్లోకి వెళ్దాం.

మా ఊళ్లో నేను 99 రూపాయల క్వార్టరు తాగుతాను. మా బావ అది విషం అంటాడు, ఆయన మాత్రం రెండొందల పైన పెట్టి కొంటాడు. నిజంగా అంత తేడా ఉందా? (తణుకు)

మీ బావగారి మాటలో కొంత నిజం ఉంది, కొంత డాబు ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 అక్టోబరులో ప్రైవేటు షాపులు మళ్లీ తెరిచినప్పుడు వచ్చిన రేటు ఇది, 180 మిల్లీలీటర్లకు 99 రూపాయలు. లోపల ఏముంటుందంటారా? చెరకు రసం నుంచి చక్కెర తీసేశాక మిల్లులో మిగిలే నల్లటి చిక్కటి పాకాన్ని మొలాసిస్ అంటారు. దాన్ని పులియబెట్టి, బట్టీలో కాచి, మళ్లీ మళ్లీ శుద్ధి చేస్తే రంగూ రుచీ వాసనా దాదాపు ఏమీ లేని, 96 శాతం దాకా ఆల్కహాల్ ఉన్న స్పిరిట్ వస్తుంది. డిస్టిలరీల్లో దీన్ని ఈఎన్ఏ (ఎక్స్‌ట్రా న్యూట్రల్ ఆల్కహాల్) అంటారు, ఈ మధ్య బియ్యం నూకల నుంచి కూడా తీస్తున్నారు. దానికి నీళ్లు కలిపి, కారమెల్ రంగు వేసి, ఒక ఎసెన్స్ పోస్తే విస్కీ, ఇంకో ఎసెన్స్ పోస్తే బ్రాందీ. చీప్ లిక్కర్ సంగతి ఇదే. మీ బావగారి సీసా సంగతీ చాలావరకు ఇదే, కాకపోతే రేటు పెరిగేకొద్దీ అందులో కాస్త మాల్ట్ (మొలకెత్తించిన బార్లీ) స్పిరిట్టో, దిగుమతి చేసుకున్న స్కాచో కలుపుతారు, అందుకే గొంతులో కొంచెం మెత్తగా దిగుతుంది. యూరప్‌లో విస్కీ అని పేరు పెట్టాలంటే అది ధాన్యంతోనే చెయ్యాలి, చెక్క పీపాలో కనీసం మూడేళ్లు ఉంచాలి. మన దగ్గర విస్కీ పేరుతో అమ్ముడయ్యే మొలాసిస్ సరుకును అక్కడ ఆ పేరుతో అమ్మనివ్వరు.

ఇక రేటు. సీసా మీద వేసే ధరలో పెద్ద ముక్క ప్రభుత్వానికి పోయే పన్నే. సరుకంతా డిస్టిలరీ నుంచి ప్రభుత్వ కార్పొరేషన్ డిపోకి వెళ్లి, అక్కణ్నుంచే షాపుకి రావాలి. ఉమ్మడి రాష్ట్రంలో ఈ పద్ధతి 1986 నుంచి ఉంది. కాబట్టి మీ బావగారు అదనంగా పెట్టే వందలో సరుకు వంతు తక్కువే, పన్నుకీ పేరుకీ పోయేదే ఎక్కువ.

విషం అన్న మాట మాత్రం వేరే దానికి దాచుకోండి. సీలు, హోలోగ్రామ్ సరిగ్గా ఉన్న సీసా వేరు, ఎవరో మూత తీసి పోసే లూజు సరుకు వేరు. లూజు సరుకులో పరిశ్రమలకు వాడే మిథనాల్ కలిసిందంటే కంటికి తెలియదు, నాలుకకు తెలియదు. ఒంట్లోకి వెళ్లాక ఫార్మిక్ యాసిడ్‌గా మారి ముందు చూపు పోతుంది, తర్వాత ప్రాణం పోతుంది. తాగిన మర్నాడు కళ్లు మసకబారితే హ్యాంగోవర్ అనుకుని పడుకోవద్దు, వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లండి.

ఏ సీసా చూసినా 42.8 శాతం అనే ఉంటుంది. 40 కాదు, 45 కాదు, ఈ పాయింట్ ఎనిమిది ఎక్కడిది? (కరీంనగర్)

ఇన్నేళ్లలో నన్ను ఈ మాట అడిగింది మీరొక్కరే. ఇది తెల్లవాళ్ల లెక్క. స్పిరిట్‌లో నీళ్లు కలిపారో లేదో చూడటానికి పాతకాలంలో దాన్ని తుపాకీ మందు మీద పోసి అంటించేవారట, అంటుకుంటే సరుకు ప్రూఫ్ అయినట్టు. ఆ హద్దు 57.1 శాతం దగ్గర పడింది, దాన్నే బ్రిటిష్ వాళ్లు 100 ప్రూఫ్ అన్నారు. మన ఎక్సైజ్ వాళ్లు 75 ప్రూఫ్ పట్టుకున్నారు, అంటే 57.1లో ముప్పావు వంతు. లెక్క కట్టి చూడండి, 42.8 వస్తుంది. పాత లేబుళ్ల మీద 25 యూపీ అని ఉండేది గుర్తుందా? అది ఉత్తరప్రదేశ్ కాదు, అండర్ ప్రూఫ్, అంటే నూరు ప్రూఫ్‌కి పాతిక తక్కువని.

పనిలో పని ఇంకో లెక్క. క్వార్టరులో అసలు ఆల్కహాల్ 77 మిల్లీలీటర్లు. ఎనిమిది శాతం స్ట్రాంగ్ బీరు, 650 మిల్లీలీటర్ల సీసా అయితే 52, అంటే అరవై మిల్లీలీటర్ల పెగ్గులు రెండు వేసినట్టే. "బీరేగా, బండి నడుపుతా" అనేవాళ్లు ఇది చదివి తాళాలు పక్కన పెట్టండి. చట్టం ఒప్పుకునేది వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు.

మా అత్తగారు జలుబు చేస్తే పిల్లాడికి చెంచాడు బ్రాందీ పట్టించమంటున్నారు. వాడికి మూడేళ్లు. ఆవిడకు ఎదురు చెప్పలేక మీకు రాస్తున్నాను. (గుడివాడ)

వద్దమ్మా, చెంచాడు కాదు, చుక్క కూడా వద్దు. బ్రాందీ తాగితే వెచ్చగా అనిపించడానికి కారణం చర్మం కింది రక్తనాళాలు వెడల్పు కావడం. ఆ వెచ్చదనం లోపలి వేడి బయటికి పోతుంటే తెలిసేది, అంటే ఒళ్లు నిజానికి చల్లబడుతోంది. పైగా పిల్లల్లో రక్తంలో చక్కెర చప్పున పడిపోతుంది. అత్తగారికి ఇంకో మాట కూడా చెప్పండి, అసలు బ్రాందీ ద్రాక్ష నుంచి తీసేది, మన షాపుల్లో దొరికే చవక రకాల్లో ఉండేది పైన చెప్పిన మొలాసిస్ స్పిరిట్టే. కోస్తా ఇళ్లలో దానికి మందు బిరుదు ఎవరిచ్చారో గానీ బీరువాలో విక్స్ పక్కన ఒక సీసా దాచిన ఇల్లు నేను బోలెడు చూశాను, మా అమ్మగారిల్లు కూడా అందులో ఒకటి.

నాకు 23. ఈ మధ్యే ముంబైలో ఉద్యోగంలో చేరాను. బార్‌లో విస్కీ అడిగితే వయసు చాలదన్నారు, బీరు మాత్రం ఇచ్చారు. ఫ్రెండ్ దగ్గర పర్మిట్ కూడా అడిగారు. ఏంటీ తమాషా? (ముంబై నుంచి ఒక తెలుగు కుర్రాడు)

తమాషా కాదు, చట్టమే. మహారాష్ట్రలో బీరుకీ వైనుకీ 21, విస్కీ రమ్ముల్లాంటి వాటికి 25. మన రెండు రాష్ట్రాల్లో 21, కేరళలో 23, గోవాలో 18. ఢిల్లీలో అన్నిటికీ 25 అని విని, అక్కడ పెళ్లాడి పిల్లల్ని కన్నవాడికి కూడా బీరు ఇవ్వరని నవ్వుకునేవాళ్లం.

పర్మిట్ కథ ఇంకా బావుంటుంది. అక్కడ ఇప్పటికీ నడుస్తున్నది 1949 నాటి బాంబే ప్రొహిబిషన్ చట్టం. కాగితం మీద అది నిషేధమే, తాగడానికి పర్మిట్ ఉన్నవాడికి మాత్రం మినహాయింపు. ఒక్కరోజు పర్మిట్ ఐదు రూపాయలు, దేశీ సారాకైతే రెండే, ఏడాదికి వంద, జీవితాంతానికి వెయ్యి. ఆ పర్మిట్ దేనికి ఇస్తారనుకున్నారు? ఆరోగ్యం కాపాడుకోవడానికి! చాలా షాపులవాళ్లు పర్మిట్ పుస్తకం దగ్గర పెట్టుకుని లెక్క కోసం ఒక్కో కాగితం చింపుతుంటారు, కొన్నవాడికి తనకు పర్మిట్ ఉన్న సంగతే తెలియదు. మీరు వెయ్యి రూపాయలది తీసుకోండి, పీడ వదులుతుంది. 25 నిండాకే సుమా.

అదే చట్టం పక్కనున్న గుజరాత్‌కీ వెళ్లింది, 1960లో రాష్ట్రం పుట్టినప్పటి నుంచి అక్కడ గట్టిగా అమలు చేస్తున్నారు. కల్తీ సారా కాచి జనం చనిపోతే కాచినవాడికి ఉరిశిక్ష దాకా వెయ్యొచ్చని 2009లో సవరించారు కూడా. ఒక్క చట్టం, ఒకచోట ఐదు రూపాయలు, ఇంకోచోట ఉరి. ఆదిలాబాద్ వైపు నుంచి మహారాష్ట్ర వెళ్లేవాళ్లూ జాగ్రత్త, వార్ధా, గడ్చిరోలి జిల్లాల్లో అమ్మకం అసలు లేదు. చంద్రపూర్‌లో 2015లో నిషేధం పెట్టి 2021లో ఎత్తేశారు.

ఆదివారం గృహప్రవేశం అయ్యాక సాయంత్రం ఫ్రెండ్స్‌కి పార్టీ అనుకున్నాం. ఊరంతా తిరిగినా ఒక్క లిక్కర్ స్టోర్ తెరిచి లేదు. అమెరికాలో కూడా డ్రై డేనా? (ఇర్వింగ్, టెక్సస్)

టెక్సస్‌లో ప్రతి ఆదివారం అంతే అన్నా. హార్డ్ లిక్కర్ అమ్మే షాపులు సోమవారం నుంచి శనివారం దాకా, ఉదయం పది నుంచి రాత్రి తొమ్మిది వరకే. బీరు, వైను మాత్రం కిరాణా షాపుల్లో ఆదివారం ఉదయం పది నుంచి దొరుకుతాయి, 2021కి ముందు మధ్యాహ్నం పన్నెండు దాకా ఆగాల్సి వచ్చేది. ఆదివారమంటే చర్చికే అన్న కాలం నాటి నిబంధనల తోక ఇది. ఇంకో విచిత్రం, టెనెసీలో జాక్ డేనియల్స్ తయారయ్యే లించ్‌బర్గ్ ఊరున్న మూర్ కౌంటీ డ్రై కౌంటీ. పక్కన ప్రపంచమంతా తాగే విస్కీ కాస్తుంటారు, ఊళ్లో మామూలు మందు షాపు ఉండదు. వచ్చే గృహప్రవేశానికి ముహూర్తంతో పాటు వారం కూడా చూసుకోండి.

మందు అమ్మించే శాఖకు ప్రొహిబిషన్ అండ్ ఎక్సైజ్ అని పేరేంటండీ? బోర్డు చూసినప్పుడల్లా నవ్వొస్తుంది. (నెల్లూరు)

నెల్లూరు నుంచే ఈ ప్రశ్న వచ్చిందా! మీ జిల్లావాళ్లకే ఎక్కువ తెలియాలి. 1992లో దూబగుంటలో ఆడవాళ్లు, రోశమ్మ ముందు నిలబడి, సారా దుకాణం ఎత్తేయించారు. అక్షరాస్యత కార్యక్రమంలో రాత్రిబడులకు వెళ్లి చదువుకున్న ఆడవాళ్లు వాళ్లు. పాఠంలో సారా కొట్టు మూయించిన కథ చదివి, మనమెందుకు చెయ్యకూడదనుకున్నారు. అది జిల్లాలు దాటింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా బంద్. ఎన్టీఆర్ గెలిచి వచ్చాక 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ మద్య నిషేధం. ఆ రెండేళ్లూ మా బార్ మూతపడి నేను ఒక టిఫిన్ సెంటర్‌లో క్యాష్ కౌంటర్ చూశాను, సాయంత్రమైతే గోదావరి జిల్లాల జనం యానాం బస్సు ఎక్కేవారు, ఆ ఊరు పుదుచ్చేరిది కాబట్టి. ఖజానా ఖాళీ అవుతుంటే 1997లో నిషేధం ఎత్తేశారు. చట్టాన్ని మాత్రం పూర్తిగా తీసెయ్యలేదు, నాటుసారా కేసులకు అవసరం పడుతుందని సవరించి ఉంచారు. శాఖ పేరులో ప్రొహిబిషన్ కూడా అలాగే ఉండిపోయింది, తెలంగాణ వేరుపడ్డాక అక్కడా అదే పేరు. ఆ తెలంగాణలోనే 2023లో షాపుల లాటరీకి ఒక్కో దరఖాస్తుకి తిరిగివ్వని రెండు లక్షలు పెడితే లక్షా ముప్పై వేల పైన దరఖాస్తులు వచ్చాయి. సీసా మూత తియ్యకముందే రెండు వేల ఆరొందల కోట్ల పైన వచ్చిందన్నమాట.

మేడారం మొక్కుకి బెల్లం కొనబోతే ఆధార్ అడిగారు. అమ్మవారికిచ్చే బంగారానికి ఆధారెందుకు? (హనుమకొండ)

గుడుంబా, అంటే నాటుసారా పుణ్యమే. బెల్లం, పటిక ఉంటే బట్టీ పెట్టినట్టే కాబట్టి తెలంగాణలో ఎక్సైజ్ వాళ్ల కన్ను ఎప్పుడూ బెల్లం దుకాణం మీదే. 2024 జాతరప్పుడు నిలువెత్తు బంగారం (మొక్కుకి తూకం వేసి ఇచ్చే బెల్లాన్ని అక్కడ అలాగే అంటారు) కొనే భక్తుల ఆధార్, ఫోన్ నంబర్లు రాసుకోమన్నది ఆ బెల్లం గద్దెకు పోతుందా బట్టీకి పోతుందా అన్న అనుమానంతోనే. ఇప్పసారా లేనిదే మొక్కు తీరని జాతరలో బెల్లానికి గుర్తింపు కార్డు అడగడం నాకైతే విడ్డూరంగానే ఉంది.

హైదరాబాద్‌లో మంచి కల్లు ఎక్కడ దొరుకుతుంది? మాది నల్లగొండ దగ్గర పల్లె, చిన్నప్పుడు తాత పక్కన కూర్చుని రేకలో తాగిన రుచి మళ్లీ దొరకలేదు. (కూకట్‌పల్లి)

దొరకదు. కోపం తెచ్చుకోకండి, కారణం చెబుతా. లొట్టిలో చుక్క పడిన దగ్గర్నుంచే కల్లు పులవడం మొదలవుతుంది. పొద్దున దించినది తియ్యగా ఉంటుంది, మధ్యాహ్నానికి ఘాటెక్కుతుంది, మర్నాటికి పుల్లబడి నోట్లో పెట్టుకోలేం. చెట్టుకీ గ్లాసుకీ మధ్య గంటలే తప్ప రోజులు ఉండకూడదు. పైగా ప్రతి చెట్టుకీ దాని కాలం ఉంది. ఈత వేరు, తాడి వేరు, తాడిచెట్లలో కూడా పోత్తాడు (మగచెట్టు) కల్లుకీ పండుతాడు (ఆడచెట్టు) కల్లుకీ తేడా మోకు పట్టినవాడు ఒక్క గుక్కలో చెప్పేస్తాడు. మరి చెట్లే లేని నగరంలో, ఏడాది పొడుగునా, ఒకే రుచితో, అడిగినంత కల్లు ఎట్లా వస్తోంది? ఆ ప్రశ్నకు జవాబు అప్పుడప్పుడు పేపర్లో వస్తుంటుంది: తీపికి సాకరిన్, మత్తుకి క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, ఆల్ప్రాజోలం లాంటి నిద్రమందులు. నగరంలో కల్లు కాంపౌండ్లు 2004లో మూయించి 2014లో తెరిపించారు. 2025 జూలైలో మీ కూకట్‌పల్లిలోనే కల్తీ కల్లు తాగి మనుషులు పోయారు. గ్లాసున్నర కల్లుకే కాళ్లు తేలిపోయి, నాలుక మొద్దుబారి, నిద్ర ముంచుకొస్తే అది కల్లు మత్తు కాదు. దానికి అలవాటుపడ్డవాళ్లు ఒక్కసారిగా మానేస్తే వణుకు, పిచ్చిచూపులు, ఫిట్స్ కూడా వస్తాయి, డాక్టరు చేతుల మీదుగానే మాన్పించాలి.

మీరు చెయ్యాల్సిందల్లా మాఘమాసంలో ఒక ఆదివారం ఊరికి బస్సెక్కడం. చెట్టు కిందే నిలబడి, దించుతుండగా చూసి, తాటాకు రేకలో పోయించుకోండి. పిల్లల్ని తీసుకెళ్తే వాళ్లకు సున్నం రాసిన కుండలోని నీరా అడగండి, అది అంత త్వరగా పులవదు.

అందరికీ చెబుతారు, ఇంతకీ మీరేం తాగుతారు? (ఒంగోలు)

ఓల్డ్ మంక్. 1954 నుంచి ఉన్న రమ్ము, రోడ్ల మీద హోర్డింగులు పెట్టకుండానే నోటి మాట మీద దేశమంతా తిరిగింది. రమ్ము పుట్టేదే చెరకు సరుకు నుంచి కాబట్టి కనీసం పేరు విషయంలో అబద్ధం లేదు. చలికాలంలో శనివారం రాత్రి ఒక అరవై, వేడినీళ్లు, రెండు మిరియాలు దంచి, నిమ్మచెక్క. పక్కన వేయించిన పల్లీలు. రెండో అరవై అడిగితే మా ఆవిడ సీసా మీద పెన్నుతో గీసిన గీత చూపిస్తుంది, ఆ గీత కిందికి వెళ్లిందంటే ఆదివారం నాకు కూరలో ముక్కలుండవు.