అడ్రసుల పని రౌటరుకే వదిలెయ్

చిరంజీవి మేనల్లుడికి, మావయ్య ఆశీస్సులు.

నీ మెసేజ్ చూశాను. ప్రింటర్ ఉండుండి కనపడకుండా పోతోందని, విసుగొచ్చి ఇంట్లో ప్రతి కంప్యూటరుకీ ఫోనుకీ ఐపీ అడ్రసు, అంటే నెట్‌వర్కులో దాన్ని గుర్తుపట్టే నంబరు, నువ్వే చేత్తో పెట్టేద్దామనుకుంటున్నావని రాశావు. ఆ పని మాత్రం చెయ్యకురా అల్లుడూ. పెట్టిన రోజు అంతా బ్రహ్మాండంగా నడుస్తుంది. కొన్నాళ్లకి రౌటర్ మారుస్తావు, లేదా ఇంకో ల్యాప్‌టాప్ వచ్చి చేరుతుంది. అప్పుడు దేనికి ఏ నంబరు పెట్టావో నీకే గుర్తుండదు. ఒకే నంబరు రెండింటికి పడితే రెండూ మొరాయిస్తాయి.

అసలు ఇప్పుడు ఆ పని ఎలా జరుగుతోందో తెలిస్తే నీకే చేతులు పెట్టబుద్ధి కాదు. ల్యాప్‌టాప్ వైఫైకి కలిసిన క్షణంలో దానికి అడ్రసు లేదు, రౌటర్ అడ్రసేమిటో కూడా తెలీదు. అందుకని తన అడ్రసు దగ్గర 0.0.0.0 అని పెట్టుకుని, 255.255.255.255కి, అంటే ఆ నెట్‌వర్కులో ఉన్న అందరికీ వినపడేలా, "అడ్రసులిచ్చేవాళ్లు ఎవరన్నా ఉన్నారా?" అని కేకేస్తుంది. అది డిస్కవర్. రౌటర్లో ఉండే డీహెచ్‌సీపీ సర్వర్, అంటే అడ్రసులు పంచే ప్రోగ్రాం, "192.168.1.104 ఖాళీగా ఉంది, కావాలా?" అని ఆఫర్ పంపుతుంది. "అదే ఇవ్వు" అని ల్యాప్‌టాప్ రిక్వెస్ట్ పెడుతుంది. "సరే, తీసుకో" అని సర్వర్ ఖాయం చేస్తుంది. దాంతోపాటే సబ్‌నెట్ మాస్క్ (ఏ నంబర్లు మన నెట్‌వర్కువో చెప్పేది), గేట్‌వే (బయటికి వెళ్లే దారి), డీఎన్ఎస్ (సైట్ల పేర్లని నంబర్లుగా మార్చి చెప్పేది) అడ్రసులు కూడా చేతిలో పెడుతుంది. 1997లో రాసుకున్న పద్ధతి, ఇప్పటికీ అదే నడుస్తోంది.

ఇందులో నాకు ముచ్చటగా అనిపించేది ఆ మూడో మాట. "అదే ఇవ్వు" అనేది కూడా ల్యాప్‌టాప్ అందరికీ వినపడేలాగే అంటుంది. ఇంకో సర్వర్ కూడా ఆఫర్ ఇచ్చి ఉంటే, తనది వద్దన్నారని దానికి తెలియాలి కదా, ఆ నంబరు వెనక్కి తీసుకోవడానికి. అంటే ఒకే ఇంట్లో ఇద్దరు సర్వర్లు జవాబిచ్చే అవకాశం ఉందని ముందే అనుకున్నారన్నమాట. ఈ సంగతి గుర్తుపెట్టుకో, దీంతో నీకు పనుంది.

ఇచ్చిన అడ్రసు శాశ్వతం కాదు, గడువు మీద ఇచ్చేది. లీజు 24 గంటలనుకో. 12 గంటలు గడవగానే ల్యాప్‌టాప్ తనంతట తానే అడ్రసిచ్చిన సర్వర్ని పొడిగించమని అడుగుతుంది. జవాబు రాకపోతే 21వ గంట దాటాక ఎవరైనా సరే పొడిగించమని మళ్లీ అందరినీ అడుగుతుంది. అప్పటికీ ఎవరూ పలక్కపోతే గడువు తీరగానే అడ్రసు వదిలేస్తుంది. రోజుల తరబడి ఆపేసి ఉన్న ప్రింటర్ లీజు ఇలాగే తీరిపోతుంది. చాలా సర్వర్లు పాత నంబరే తిరిగివ్వాలని చూస్తాయి గానీ ఈలోగా అది ఇంకొకళ్లకి వెళ్లిపోయి ఉండొచ్చు.

దీనికి మందు ప్రింటర్లో నంబరు పెట్టడం కాదు, రౌటర్లో రిజర్వ్ చెయ్యడం. ప్రింటర్ నెట్‌వర్క్ వివరాల్లో మ్యాక్ అడ్రసు ఉంటుంది, అంటే తయారీలోనే ఆ పరికరానికి ఇచ్చిన గుర్తింపు సంఖ్య, రెండేసి అక్షరాల చొప్పున ఆరు ముక్కలుగా. బ్రౌజర్లో తెరిచే రౌటర్ సెట్టింగుల పేజీలో డీహెచ్‌సీపీ కిందే అడ్రస్ రిజర్వేషన్ అని ఉంటుంది, అక్కడ ఈ మ్యాక్‌కి ఫలానా నంబరే అని రాసి, ప్రింటర్ ఒకసారి ఆపి వెయ్యి. అంతే. ఫోన్లకి మాత్రం ఈ తంటా వద్దు. ఇప్పటి ఫోన్లు వైఫైకి అసలు మ్యాక్ బదులు పుట్టించుకున్నదొకటి చూపిస్తాయి, పైగా వాటికి స్థిరమైన నంబరుతో పనే లేదు.

కానీ నీ అసలు జబ్బు ఇది కాదనిపిస్తోంది. మెసేజ్ చివర్లో, పై గదిలో సిగ్నల్ కోసం పాత రౌటర్ కూడా కేబుల్‌తో కలిపానని మాటవరసకి రాశావు. నా అనుమానమంతా దాని మీదే. అందులోనూ ఒక డీహెచ్‌సీపీ సర్వర్ ఉంది, అది కూడా అడ్రసులు పంచుతూనే ఉండాలి. ముందు ఎవరి ఆఫర్ అందితే దాన్నే పరికరాలు పట్టుకుంటాయి. ల్యాప్‌టాప్‌కి 192.168.1తో మొదలయ్యేది, ప్రింటర్‌కి 192.168.0తో మొదలయ్యేది పడితే ఒకటి ఇంకొకదానికి కనపడదు. పాత రౌటర్ తననే గేట్‌వేగా చెప్పుకుంటే, దాని చేతిలో పడ్డదానికి నెట్ కూడా రాదు. అప్పుడప్పుడు నెట్ కూడా పోతోందన్నావు, లెక్క సరిపోతోంది.

ఒక్కసారి తేల్చుకో. నెట్ రాని సమయంలో ఆ ల్యాప్‌టాప్‌లో కమాండ్ విండో తెరిచి, ipconfig /all అని కొట్టి, డీహెచ్‌సీపీ సర్వర్ అన్న వరసలో ఎవరి అడ్రసుందో చూడు. కొత్త రౌటర్‌ది కాకపోతే దొంగ దొరికినట్టే. అక్కడే ఐపీ అడ్రసు 169.254తో మొదలైతే మాత్రం కథ వేరు, ఏ సర్వరూ పలక్క ల్యాప్‌టాప్ తనకి తానే పెట్టుకున్న నంబరది. అప్పుడు కేబుల్, వైఫై చూసుకోవాలి.

పాత రౌటర్ అయితే దాని పేజీలోకి వెళ్లి ముందు దాని సొంత అడ్రసుని 192.168.1.2కి మార్చు, కొత్త రౌటర్ పంచే నంబర్లలో అది లేకుండా చూసుకో. తర్వాత డీహెచ్‌సీపీ ఆపెయ్. కింద నుంచి వచ్చే కేబుల్ ఇంటర్నెట్ అని రాసి ఉన్న పోర్టులో కాక ల్యాన్ పోర్టుల్లో ఒకదానిలో ఉండాలి. ఇక అది వైఫై మాత్రమే ఇస్తుంది, అడ్రసుల జోలికి రాదు. అన్నిటినీ ఓసారి ఆపి వేసి, రెండు మూడు రోజులు చూశాకే ప్రింటర్ రిజర్వేషన్ సంగతి. ఆ డీహెచ్‌సీపీ సర్వర్ వరసలో ఏం కనపడిందో ఫొటో తీసి పంపు.

ఇట్లు,
మీ మావయ్య